రిపోర్టు మీద సంతకానికి ముందే వకీలు

ఇల్లు కొనబోయేవారి తరఫున ఇంటిని పరీక్షించి రిపోర్టు రాసిచ్చే ఇంజనీర్లు ముందుగానే సమకూర్చుకోవలసిన న్యాయ రక్షణ గురించి ఇవాళ మాట్లాడతాను. ఇది కొద్దిమంది ఇంజనీర్ల సొంత గొడవలా కనిపించవచ్చు. ఆ రిపోర్టును నమ్మి ఇరవయ్యేళ్ల సంపాదన ఒక ఫ్లాటులో పోసే కుటుంబాలకు కూడా ఇది అంతే ముఖ్యం. నోటీసు వస్తుందేమోనని భయపడుతూ రాసిన రిపోర్టులో ప్రతి వాక్యం చివరా ఒక తప్పించుకునే మాట ఉంటుంది. "చెమ్మ ఉండే అవకాశం లేకపోలేదు", "పిల్లర్ల పరిస్థితి మరింత పరిశీలించవలసి ఉంటుంది" అని రాస్తే రాసినవాడికి ముప్పు లేదు, చదివినవాడికి ఉపయోగమూ లేదు. డబ్బు కట్టి ఇల్లు చూపించుకున్న మనిషికి కావలసింది ఈ ఇల్లు కొనవచ్చా, కొంటే ఏ మరమ్మతుకు ఎంతవుతుంది అన్న సూటి జవాబు. ఆ జవాబు రాసే ధైర్యం ఇంజనీరుకు ఎక్కడి నుంచి రావాలన్నదే ఈ ప్రసంగానికి మూలం.

పూర్వం మన విజయవాడ ప్రాంతంలో ఇల్లు కొనేటప్పుడు కాగితాలు వకీలుకు చూపించేవారు, గోడలు తెలిసిన మేస్త్రికి చూపించేవారు. ఇప్పుడు అపార్టుమెంట్లు బెంజి సర్కిల్ దాటి కానూరు, పోరంకి వైపు, ఇటు గొల్లపూడి, కృష్ణ దాటాక తాడేపల్లి, మంగళగిరి వైపు విస్తరించాయి. కొనేవారిలో చాలామంది హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉంటున్నారు. వాళ్లకు మేస్త్రి మాట చాలదు. ఫొటోలతో, కొలతలతో, సంతకంతో ఒక కాగితం కావాలి. టెక్సాస్‌లో ఉన్న మనవాళ్లకు ఇది బాగా అలవాటైన పద్ధతి. అక్కడ రాష్ట్ర రియల్ ఎస్టేట్ కమిషన్ లైసెన్సు లేనిదే ఎవరూ ఇళ్ల తనిఖీ వృత్తి చేయకూడదు, లైసెన్సు కావాలంటే వృత్తి బాధ్యత బీమా ఉన్నట్టు చూపాలి. ఇక్కడ ఆ పేరుతో లైసెన్సు లేదు. ప్లాన్లు గీసే లైసెన్సు ఇంజనీర్లు, బ్యాంకుల ప్యానెల్ వాల్యుయర్లు, రిటైరైన ప్రభుత్వ ఇంజనీర్లు, సొంత కన్సల్టెన్సీ పెట్టుకున్న యువకులు ఈ పని చేస్తున్నారు. వరద వాళ్ల పనిని ఇంకా కష్టం చేసింది. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు డైవర్షన్ కాలువకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వెళ్లింది. మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు చొప్పున ప్రభుత్వం సాయం ప్రకటించింది. ఆ ఇళ్లు అద్దెకు, అమ్మకానికి వచ్చే సరికి గోడ మీద నీటి గీత రంగు కింద కనబడకుండా పోతుంది. కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న మాత్రం నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయన్నదే. ఆ ప్రశ్నకు జవాబు రాసి కింద సంతకం పెట్టేవాడు తన పేరును పూచీగా పెడుతున్నాడు.

ఆ పూచీ ఎంత బరువైనదో తెలియాలంటే డెల్టా నేలను కొంచెం దగ్గరగా చూడాలి. నల్లరేగడి వానాకాలంలో నీరు పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలంలో ఆరి ముడుచుకుని నెర్రెలు విచ్చుతుంది. పునాది తగినంత లోతుకు దిగకపోయినా, పొలాన్ని మెరక చేసిన మట్టి సరిగా అణగకపోయినా, నేలతోపాటు గోడా కదులుతుంది. మే నెలలో చేతివేలు దూరేంత తెరుచుకున్న పగులు అక్టోబరులో దాదాపు మూసుకుపోతుంది. దాని మీద పుట్టీ పెట్టి రంగు వేస్తే నిపుణుడికి కూడా దొరకడం కష్టం. బందరు వైపు వెళ్లే కొద్దీ భూగర్భ జలంలో ఉప్పు పెరుగుతుంది. ఆ నీళ్లు కాంక్రీటులో కలిపినా, పునాదికి తగిలినా లోపల ఇనుము నెమ్మదిగా తుప్పు పడుతుంది. శ్లాబు పెచ్చులూడేదాకా పైకి ఏమీ తెలియదు, పెచ్చులూడటానికి ఏళ్లు పట్టవచ్చు. తనిఖీకి వచ్చిన ఇంజనీరు చేయగలిగింది ఏమిటి? సన్నని ఇనుప కడ్డీతో ఒక్కొక్క టైలు మీద తట్టి డొల్ల శబ్దం వింటాడు. బాత్రూము తూము మూసి నీళ్లు కట్టి, ఒక రోజంతా ఉంచి, కింది ఫ్లాటు సీలింగు చూస్తాడు. కింది ఫ్లాటు వాళ్లు తలుపు తీయకపోతే అదీ లేదు. చెమ్మ కొలిచే మీటరు ఆనిస్తాడు, హామర్ పరీక్షతో కాంక్రీటు గట్టిదనం అంచనా వేస్తాడు. పక్కింటివాళ్లు వరద రోజుల్లో తీసిన ఫొటోలు అడుగుతాడు. గోడ పగలగొట్టి చూసే అధికారం అతనికి లేదు, ఎందుకంటే ఇల్లు ఇంకా అమ్మేవాడిదే. ఇంత జాగ్రత్తగా పని చేసిన మనిషి కూడా ఒక లోపాన్ని చూడకపోవచ్చు. తప్పు చేయకుండానే తప్పు చేసినవాడిలా కనిపించే పరిస్థితి ఈ వృత్తిలో మామూలుగా వస్తుంది.

అప్పుడు నోటీసు వస్తుంది. డబ్బు తీసుకుని సేవ చేసినవాడు వినియోగదారుల చట్టం కిందికి వస్తాడు. డాక్టర్ల విషయంలో 1995లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. 2024 మేలో న్యాయవాదుల సేవలను మాత్రం ఈ చట్టం నుంచి తప్పించింది. ఆ తీర్పు చూసి ఇంజనీర్లు తమకూ అదే దారి దొరుకుతుందని ఆశపడటానికి ఆధారం ఏమీ లేదు. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న 2019 నాటి కొత్త చట్టంలో ఇళ్ల తనిఖీదారులకు ప్రత్యేకంగా తగిలే అంశాలు రెండు ఉన్నాయి. ఏ వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలన్నది ఇప్పుడు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, కట్టిన ఫీజును బట్టి తేలుతుంది. ఉదాహరణకు తనిఖీ ఫీజు 6 వేలు అనుకుందాం. అడిగే నష్టం 20 లక్షలైనా కేసు జిల్లా కమిషన్‌లోనే పడుతుంది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు కోర్టు రుసుము కూడా లేదు. రెండో సంగతి, ఫిర్యాదుదారుడు తాను నివసించే ఊళ్లోనే కేసు వేయవచ్చు. పటమటలో ఫ్లాటు చూసి రిపోర్టిచ్చిన ఇంజనీరు బెంగళూరు వాయిదాలకు తిరగవలసి రావచ్చు. వినియోగదారుడికి ఈ సౌకర్యాలు ఉండటం న్యాయమే, వాటిని తగ్గించమని నేను అనడం లేదు. ఎదుటివైపు నిలబడవలసినవాడి సన్నద్ధత ఎంత ఉందన్నదే నా ప్రశ్న. ఫిర్యాదు ప్రతి అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. కమిషన్ మరో 15 రోజులు ఇవ్వవచ్చు. ఆ 45 రోజులు దాటితే ఒక్క రోజు కూడా పొడిగించే అధికారం కమిషన్‌కు లేదని 2020 మార్చి 4న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. ఆ గడువులో మంచి వకీలును వెతికి, ఫీజు మాట్లాడి, పాత ఫొటోలు తవ్వి తీసి, సాంకేతిక విషయం ఆయనకు అర్థమయ్యేలా చెప్పి, జవాబు రాయించి దాఖలు చేయాలి. నెర్రెలు విచ్చిన నేల గురించి, రంగు కింద దాగిన పగులు గురించి ఇంజనీరు చెప్పుకోవలసిన మాట ఎంత బలమైనదైనా, 46వ రోజున దాన్ని వినేవారు ఉండరు. అందుకే వకీలును కేసు వచ్చాక వెతుక్కోవడం ఈ వృత్తిలో చెల్లదు. ఫీజు ముందే కట్టి, మనిషిని ముందే మాట్లాడి ఉంచుకోవాలి.

నోటీసు కొనుగోలుదారుడి నుంచే వస్తుందనుకోవడం కూడా పొరపాటు. నిజం రాసినందుకు బిల్డర్ నుంచి వచ్చేది ఇంకా ప్రమాదకరం. స్టిల్టు పిల్లరు అడుగున కాంక్రీటు తేనెపట్టులా డొల్లగా ఉందని రిపోర్టులో రాస్తే, అది ఒకరి చేతి నుంచి పదిమంది ఫోన్లలోకి పోతే, మిగిలిన ఫ్లాట్ల బేరాలు ఆగిపోతాయి. పరువునష్టం దావా వేస్తామని, కోటి రూపాయలు కట్టమని లాయర్ నోటీసు వస్తుంది. చట్టం ఇక్కడ ఇంజనీరుకు అనుకూలంగానే ఉంది. ఒకరి మేలు కోరి సదుద్దేశంతో ఇచ్చిన హెచ్చరిక పరువునష్టం కాదన్న మినహాయింపు పాత శిక్షాస్మృతిలో ఉండేది, భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది. అయితే మినహాయింపు ఉన్నదన్న సంగతిని తగిన భాషలో, తగిన సమయంలో తిరిగి రాసి పంపేవాడు కావాలి. నోటీసుకు జవాబివ్వక చాలామంది రిపోర్టు వెనక్కి తీసుకుంటారు, లేదా మెత్తబరిచి మళ్లీ రాసిస్తారు. ఆ మెత్తబడ్డ కాగితం చదివే ఇంకో కుటుంబం ఆ ఫ్లాటు కొంటుంది. ముందస్తు న్యాయ రక్షణ ఇంజనీరుకు ఎంత అవసరమో కొనేవాడికీ అంతే అవసరమని నేననడానికి ముఖ్య కారణం ఇదే.

క్రిమినల్ కేసుల సంగతి వేరు. హైదరాబాదు నారాయణగూడలోని ఒక బ్యాంకు శాఖలో 22 మంది పేర ఇచ్చిన ఇళ్ల రుణాల్లో 1.27 కోట్ల నష్టం జరిగిందని సీబీఐ 2005 నవంబరులో కేసు పెట్టింది. బ్యాంకు అధికారులతో, బిల్డరుతో పాటు ప్యానెల్ న్యాయవాదినీ, ప్యానెల్ వాల్యుయర్‌నూ అభియోగపత్రంలో చేర్చారు. అసలు యజమాని ఎవరో, మున్సిపల్ అనుమతులు నకిలీవో కావో వీరిద్దరూ తమ రిపోర్టుల్లో బయటపెట్టలేదన్నది ఆరోపణ. న్యాయవాది హైకోర్టుకు వెళ్లగా 2010లో ఆయన మీద కేసు కొట్టేశారు. సీబీఐ అప్పీలు చేసింది, 2012 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ అప్పీలును తోసిపుచ్చింది. వృత్తిలో అజాగ్రత్త రుజువైతే నష్టపరిహారానికో, క్రమశిక్షణ చర్యకో కారణం కావచ్చు గాని, మోసంలో చేయి కలిపినట్టు వేరే సాక్ష్యం లేకుండా నేరస్థుడిని చేయరాదని కోర్టు చెప్పింది. వృత్తి నిపుణులకు ఈ తీర్పు పెద్ద అండ. కానీ 2005కూ 2012కూ మధ్య ఏడేళ్లు ఉన్నాయి, రెండు పెద్ద కోర్టులు ఉన్నాయి. కోర్టు పద్ధతులు తెలిసిన న్యాయవాదికే అంత కాలం పట్టింది. గన్నవరంలో చిన్న ఆఫీసు పెట్టుకున్న ఇంజనీరు అన్నేళ్లు ఖర్చు భరించి నిలబడగలడా? పైగా 2024 జూలై 1 నుంచి నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా పెరిగింది. రిజిస్టరైన డాక్టర్లకు మాత్రం చికిత్స విషయంలో పాత రెండేళ్ల పరిమితినే ఉంచారు. ఇంజనీర్లకు ఆ వెసులుబాటు లేదు. బ్యాంకులకు పనిచేసే వాల్యుయర్లకు ఇంకో ముప్పు కూడా ఉంది. మోసాల్లో పాత్ర ఉందని బ్యాంకులు అనుకున్న వాల్యుయర్ల, న్యాయవాదుల పేర్లు భారత బ్యాంకుల సంఘానికి పోతాయి, అక్కడి నుంచి హెచ్చరిక జాబితా మిగతా బ్యాంకులకు పోతుంది. ఆ జాబితాలో పడ్డ పేరుకు మళ్లీ బ్యాంకు పని దొరకడం కష్టం.

ఇప్పుడు అందుబాటులో ఉన్న రక్షణలు చూద్దాం. మొదటిది వృత్తి బాధ్యత బీమా. న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, నేషనల్, ఓరియంటల్ వంటి ప్రభుత్వ కంపెనీలూ, ప్రైవేటు కంపెనీలూ ఇంజనీర్లకు దీన్ని అమ్ముతాయి. పరిహారమూ, కంపెనీ అంగీకారంతో పెట్టిన కోర్టు ఖర్చూ ఇస్తుంది. ఈ పాలసీ నడిచే తీరు మన నేలకు ఎలా సరిపోతుందో, ఎక్కడ సరిపోదో తెలుసుకోవాలి. ఇది రిపోర్టు రాసిన రోజు పాలసీ ఉందా అని మాత్రమే చూడదు. క్లెయిము వచ్చిన రోజున పాలసీ బతికి ఉండాలి. అక్టోబరులో రిపోర్టు ఇచ్చాం, మార్చిలో పాలసీ ముగిసింది, ఈ ఏడు పనులు తక్కువగా ఉన్నాయని రెన్యూ చేయలేదు. మేలో పగులు తెరుచుకుంది, జూలైలో నోటీసు వచ్చింది. రిపోర్టు రాసిన నాడు ప్రీమియం కట్టి ఉన్నా ఇప్పుడు పైసా రాదు. వృత్తి మానేసినవాడు కూడా కొన్నేళ్లపాటు రక్షణ కొనసాగించుకోవాలి. రెట్రోయాక్టివ్ తేదీ అని పాలసీ మీద ఒక తేదీ వేస్తారు; అంతకు ముందు చేసిన పనులకు రక్షణ ఉండదు కాబట్టి, ఒక్కసారి గొలుసు తెగితే పాత రిపోర్టులన్నీ గాలిలో కలిసినట్టే. చాలా పాలసీల్లో లాయరు ఖర్చు కూడా మొత్తం పరిమితిలోంచే తగ్గిపోతుంది. క్రిమినల్ చర్యలకు సంబంధించినవి మామూలుగా మినహాయిస్తారు. ఇంకొక్క సూక్ష్మం ఉంది. కంపెనీకి చెప్పకుండా తప్పు ఒప్పుకుంటూ జవాబు రాసినా, రాజీ మాట్లాడుకున్నా క్లెయిము తిరస్కరించవచ్చు. "అయ్యా, మా వల్ల చిన్న పొరపాటు జరిగింది, ఫీజు తిరిగి ఇచ్చేస్తాం" అని మంచితనంతో వాట్సాప్‌లో పెట్టిన ఒక్క మెసేజితో పాలసీ చేజారవచ్చు. ఆ మెసేజి పంపకముందే ఒక వకీలుకు ఫోను చేయగలగాలి. బీమా పరిహారం చూసుకుంటుంది, ఆ ఫోను ఎత్తే మనిషిని బీమా ఇవ్వదు.

ఆ మనిషిని నెలసరి చందాకు ఇచ్చే కంపెనీలు అమెరికాలో ఉన్నాయి. 1970ల్లో ఓక్లహోమాలో మొదలై ఇప్పుడు లీగల్‌షీల్డ్ పేరుతో నడుస్తున్న సంస్థ వాటిలో పేరున్నది. నెలనెలా కొంత కడితే సలహా ఇస్తారు, ఉత్తరాలు రాసిపెడతారు, ఒప్పందాలు చదివిపెడతారు. కోర్టు పనికి కొంతవరకే. చందా కట్టకముందే మొదలైన గొడవలు మినహాయింపు. ఈ పద్ధతిని యథాతథంగా తెచ్చి ఇక్కడ పెట్టడం కుదరదు. న్యాయవాది కానివారితో ఫీజు పంచుకునే ఏర్పాటును బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి. ప్రకటనల ద్వారా, దళారుల ద్వారా పని సంపాదించడమూ నిషేధమే. 2024 జూలైలో మద్రాసు హైకోర్టు, ఆన్‌లైన్ వేదికల్లో న్యాయవాదుల సేవలను సరుకుల్లా అమ్మే ప్రకటనలు తీయించాలని బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది. మధ్యలో కంపెనీ నిలబడి కమిషన్ తీసుకునే పథకాలు ఇక్కడ ఎవరైనా అమ్మితే, ఇంజనీరు సంతకం పెట్టకముందు ఈ సంగతి అడగాలి. వృత్తి నియమాలను దాటిన వకీలు మన కేసులో ఎంతవరకు నిలబడతాడన్న అనుమానం సహజం.

కాబట్టి నాకు సరైనదిగా తోచే దారి వేరు. ఈ పని చేసే ఇంజనీర్లు కలిసి 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద ఒక సంఘంగా నమోదు కావాలి. ప్రతి రిపోర్టుకు ఇంత అని నిధికి జమ చేయాలి. ఆ నిధి నుంచి ఒకరిద్దరు న్యాయవాదులకు సాలుసరి ఫీజు నేరుగా కట్టాలి, సంఘం అందులో పైసా ఉంచుకోకూడదు. ఇందుకు నమూనా మన రాష్ట్రంలోనే, న్యాయవాదుల దగ్గరే ఉంది. 1987 నాటి న్యాయవాదుల సంక్షేమ నిధి చట్టం ప్రకారం వకాలతు మీద ఒక స్టాంపు అంటిస్తారు. చేసే ప్రతి పనిలోంచి కొద్ది మొత్తం పక్కకు పోయి, కష్టకాలంలో సభ్యుడికీ కుటుంబానికీ అక్కరకు వస్తుంది. డాక్టర్లు కూడా భారత వైద్య సంఘం ద్వారా వృత్తి రక్షణ పథకాలు నడుపుకుంటున్నారు. రిపోర్టుకో స్టాంపు పద్ధతిలో ఒక న్యాయం ఉంది: నెలకు ముప్పై ఇళ్లు చూసేవాడు ఎక్కువ కడతాడు, మూడు చూసేవాడు తక్కువ కడతాడు, ముప్పు కూడా ఆ పాళ్లలోనే ఉంటుంది. ఏడాదికొకసారి పెద్ద మొత్తం కట్టమంటే కొత్తగా దిగిన కుర్రవాళ్లు బయటే ఉండిపోతారు. నిధి దేనికి ఖర్చు పెట్టాలన్నది మాత్రం గట్టిగా రాసుకోవాలి. ఒప్పంద పత్రం తయారీ, నోటీసుకు జవాబు, కమిషన్‌లో 45 రోజుల లోపు దాఖలు చేసే తొలి జవాబు, అరెస్టు భయం ఉంటే తొలి బెయిలు దరఖాస్తు, ఇంతవరకూ ముందు కట్టిన ఫీజులోనే జరగాలి. ఆపైన వాయిదాలకు ముందే అనుకున్న తగ్గింపు ఫీజు. పరిహారం కూడా మేమే కడతాం అని సంఘం మాటిస్తే అది బీమా వ్యాపారం అవుతుంది. హైదరాబాదులోని బీమా నియంత్రణ సంస్థ వద్ద రిజిస్ట్రేషను లేకుండా అది చేయకూడదు. పరిహారానికి బీమా కంపెనీ, వాదనకు సంఘం వకీలు అని రెండు పనులను విడిగా ఉంచుకోవాలి.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో అన్నిటికన్నా గట్టిది, రక్షణ ఉందన్న ధీమాతో ఇంజనీరు కళ్లు మూసుకుని సంతకాలు పెడతాడన్నది. ఇది తోసేయదగిన మాట కాదు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం భవన అనుమతుల్లో స్వీయ ధ్రువీకరణ తెచ్చాక ప్లాన్ల విషయంలో లైసెన్సు ఇంజనీరు సంతకానికి ఉన్న బరువు ఇంకా పెరిగింది. చూడకుండా పెట్టే సంతకాన్ని ఎవరూ కాపాడకూడదు. అయితే ముందస్తు రక్షణ కాపాడేది వాదించుకునే అవకాశాన్ని మాత్రమే. ఇంటికి వెళ్లకుండా రిపోర్టు రాసినవాడిని ఏ వకీలూ గట్టెక్కించలేడు, ఉద్దేశపూర్వకంగా చేసిన తప్పుకు ఏ బీమా పాలసీ డబ్బివ్వదు. సంఘం నియమావళిలో ఒక షరతు పెట్టవచ్చు: తనిఖీ జరిగిన రోజు, సమయం తెలిసే ఫొటోలు లేని రిపోర్టుకు రక్షణ లేదు. అప్పుడు రక్షణ కోసమైనా ఇంజనీరు బాత్రూములో నీళ్లు కట్టి చూస్తాడు. వకీలు ముందుగా చదివిన ఒప్పందంతో, వకీలు అడగబోయే ప్రశ్నలు తెలిసి పనిచేసే ఇంజనీరు ఎక్కువ జాగ్రత్తగా ఉంటాడే గాని తక్కువగా ఉండడు.

ఇంజనీరుకు ఇంత కవచం తొడిగితే మోసపోయిన కొనుగోలుదారుడి గతి ఏమిటని మరొకరు అడగవచ్చు. అతనికి నష్టం వచ్చిందని కమిషన్ తేల్చి 8 లక్షలు కట్టమంది అనుకుందాం. బీమా లేని, ఆస్తి లేని ఇంజనీరు దగ్గర ఆ ఉత్తర్వు అమలు చేయించుకోవడానికి మళ్లీ ఏళ్లు తిరగాలి. బీమా ఉన్నవాడైతే కంపెనీ కడుతుంది. పైగా, నిర్మాణ లోపానికి అసలు బాధ్యుడు బిల్డర్. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) పరిధిలోని ప్రాజెక్టుల్లో ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్ల లోపు బయటపడ్డ నిర్మాణ లోపాన్ని చెప్పిన 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయవలసింది అతనే. మంచి వకీలు రాసే మొదటి జవాబులోనే ఈ విషయం చెప్పి, కొన్నవాడిని సరైన తలుపు దగ్గరకు పంపుతాడు. తోడు లేని ఇంజనీరు భయంతో బుకాయిస్తాడు, ఇద్దరికీ కాలం వృథా అవుతుంది.

వినియోగదారుల కమిషన్‌లో లాయరు అవసరమే లేదు కదా, ఎవరి కేసు వారే చెప్పుకోవచ్చు కదా అన్న మాట కూడా వినబడుతుంది. చట్టం ప్రకారం నిజమే, ఫిర్యాదుదారుడికి అది గొప్ప వరం. కానీ ఎదుటి పక్షం సాంకేతిక సాక్ష్యం పెట్టాలి, నిపుణుల అఫిడవిట్లు వేయాలి, రెండేళ్ల కాలపరిమితి ఏ తేదీ నుంచి లెక్కకు వస్తుందో వాదించాలి. పగులు కనబడిన రోజా, రిపోర్టు ఇచ్చిన రోజా అన్న ఒక్క ప్రశ్న మీద కేసు నిలవవచ్చు, పోవచ్చు. ఖర్చు భరించలేనివారికి ఉచిత న్యాయ సహాయం ఉంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ హక్కు ఉంది, అర్హులైన ఇంజనీర్లు దాన్ని మొహమాటం లేకుండా వాడుకోవాలి. అయితే అది గొడవ వచ్చాక దొరికే సాయం. రిపోర్టు రాసేటప్పుడు పక్కన ఉండే సాయం వేరు.

ముందు కట్టిన ఫీజుకు వకీలు చేసే పనుల్లో నేను అన్నిటికన్నా పైన పెట్టేది తెలుగులో రాసిన ఒప్పంద పత్రం. ఇప్పుడు చాలామంది వాడే పత్రాలు అమెరికా నమూనాల నుంచి ఎత్తి రాసినవి. మంచు, నేలమాళిగ, చెక్క పురుగు గురించి అందులో ఉంటుంది. నల్లరేగడి గురించి, బుడమేరు గురించి ఉండదు. మన పత్రంలో తనిఖీ ఏ నెలలో జరిగిందో, ఆ నెలలో నేల ఉబ్బి ఉందో ముడుచుకుని ఉందో, అందువల్ల ఏ పగుళ్లు కనబడకపోవచ్చో రాయాలి. కింది ఫ్లాటు తలుపు తీశారా లేదా, నీటి గీత సంగతి ఎవరిని అడిగారు, వాళ్లేం చెప్పారు, ఏ పిల్లరు దగ్గరకు సామాన్ల వల్ల వెళ్లలేకపోయారో కూడా రాయాలి. బాధ్యత ఇంతవరకే అని పరిమితి పెడితే, ఆ షరతును కొనేవాడు చదివి సంతకం చేశాడని తేలాలి. 1996లో ఒక కొరియర్ కేసులో సంతకం చేసిన పరిమితి షరతును సుప్రీంకోర్టు నిలబెట్టింది. 2019 చట్టం మాత్రం వినియోగదారుడికి తీరని అన్యాయం చేసే ఒప్పందాలను కొట్టేసే అధికారాన్ని రాష్ట్ర కమిషన్‌కు ఇచ్చింది. కాబట్టి ఫీజు తిరిగి ఇవ్వడంతో మా బాధ్యత సరి అన్న మొండి షరతు నిలుస్తుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. ఫీజుకు కొన్ని రెట్లు, లేదా బీమా పరిమితి దాకా అని న్యాయంగా రాసుకుంటే నిలబడే అవకాశం ఎక్కువ.

ఈ పత్రం ముసాయిదా తయారు చేయడానికి ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కరలేదు. విజయవాడలోని ఇంజనీర్ల సంఘాల నుంచి నలుగురు, వినియోగదారుల కేసులు వాదించే న్యాయవాదులు ఇద్దరు, ఇల్లు కొనేవారి తరఫున ఒక వినియోగదారుల సంఘం మనిషి కూర్చుంటే చాలు. చందా ఎంత, స్టాంపు విలువ ఎంత అన్నది ఆ తరువాత మాట్లాడుకోవచ్చు. ఒక్క విషయంలో మాత్రం వాళ్ల మధ్య గట్టి చర్చ జరగాలి: సభ్యుడు తనకు ఇష్టమైన రిపోర్టులకే స్టాంపు అంటించవచ్చా, ఇచ్చే ప్రతి రిపోర్టుకూ అంటించి తీరాలా అని. ఇష్టానికి వదిలేస్తే ప్రమాదం ఉందనుకున్న ఇళ్లకే అంటిస్తారు, నిధి రెండేళ్లు కూడా నిలవదు. ప్రతి రిపోర్టుకూ తప్పనిసరి చేయాలన్నదే నా అభిప్రాయం.